రాళ్ళను చేసే నది

మా అత్తగారి పూజామందిరంలో చిన్న రాగిపళ్ళెంలో మూడు సాలగ్రామాలుండేవి. నేరేడుపండంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి, నిమ్మకాయంత ఒకటి. నల్లగా, నున్నగా మెరుస్తూ ఉండేవి. రోజూ మామగారు మడికట్టుకుని వాటికి అభిషేకం చేసేవారు. ఆడవాళ్ళు వాటిని ముట్టుకోకూడదట! కానీ తెల్లవారకముందే లేచి, తలారా స్నానం చేసి, నూతిలోంచి ఆ అభిషేకానికి నీళ్ళు తోడి తెచ్చేది మాత్రం అత్తగారే. కాపరానికి వచ్చిన కొత్తలో ఉండబట్టలేక అడిగాను.

“ఇవి ఎవరు చెక్కారండీ అత్తయ్యగారూ?”

“ఎవరో చెక్కడమేమిటమ్మాయ్! గండకీ నది చేసింది. నది చేసింది కాబట్టే దేవుడయ్యాడు. మనిషి చెక్కితే బొమ్మయ్యేది” అన్నారావిడ, బిందె దించుతూ.

అప్పట్లో నవ్వుకున్నాను. బి.ఏ. చదివిన కోడలిని కదా! ఇన్నేళ్ళ తర్వాత, సముద్రాలకవతల ఇంకో నది కథ, ఆ నది ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళ కథ చదువుతుంటే ఆ మాట మళ్ళీ చెవిలో వినబడింది. ఆ కథే మీతో చెప్పుకుందామని.

అమెరికా పటంలో పైన, కెనడా సరిహద్దుకి ఆనుకుని నార్త్ డకోటా అని ఒక రాష్ట్రం ఉంది. చలికాలం వస్తే నదులు గడ్డకట్టే చోటు. అక్కడ మిస్సోరీ అనే మహానదిలో కానన్‌బాల్ అనే చిన్న నది వచ్చి కలుస్తుంది. కానన్‌బాల్ అంటే ఫిరంగి గుండు. ఆ సంగమం దగ్గర బంతుల్లా గుండ్రటి ఇసుకరాళ్ళు ఉండేవి కాబట్టి ఆ పేరు. 1804 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం పంపగా లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు పడవల్లో ఆ దారిన వెళ్తూ, ఈ రాళ్ళు చూసి, లంగరుగా పనికొస్తుందని ఒకటి పడవలో వేసుకుపోయారు.

ఆ నేలమీద పుట్టినవాళ్ళు మాత్రం ఆ నదిని ఇన్యాన్ వకంగపి వక్పా అంటారు. పవిత్రశిలలను చేసే నది అని అర్థం. రెండు నదులూ కలిసేచోట పెద్ద సుడి ఉండేదట. ఆ సుడిలో తిరిగి తిరిగి రాళ్ళు గుండ్రబడేవట. అదే రాయి ఒకరికి ఫిరంగి గుండు, ఇంకొకరికి లంగరు, మరొకరికి దేవుడు! మా అత్తగారు ఆ మాట వింటే “చూశావా, నే చెప్పలా?” అని ఉండేవారు.

చిన్నప్పుడు పాఠాల్లో మనం వాళ్ళని రెడ్ ఇండియన్లని చదువుకున్నాం. కొలంబస్ దారితప్పి, మన దేశానికే వచ్చాననుకుని పెట్టిన పేరది. మన పేరు పొరపాటున తగులుకున్న జనమన్నమాట! వాళ్ళ భాషలో వాళ్ళు లకోటాలు, డకోటాలు. డకోటా అంటే స్నేహితులు అని అర్థం. ఆ స్నేహితులకు ప్రభుత్వం చివరికి మిగిల్చిన నేలల్లో ఒకటి స్టాండింగ్ రాక్. ఈ కథ అక్కడిది.

లడోనా బ్రేవ్ బుల్ అలార్డ్ అనే ఆవిడ ఆ తెగలో 1956లో పుట్టారు. తెగవారి చారిత్రక స్థలాల పరిరక్షణ కార్యాలయంలో పనిచేశారు. ఏ ఇంటివాళ్ళ ముత్తాత ఎవరు, ఏ గుట్టమీద ఎవరి సమాధి ఉంది, ఏ వాగుకి అసలు పేరేమిటి అని వెతికి పట్టుకోవడమే ఆవిడ పని. మన ఇళ్ళల్లో ఒక పెద్దావిడ ఉంటుంది చూడండి, పెళ్ళిపందిట్లో కూర్చుని “నువ్వు ఫలానావారి మూడో అమ్మాయి మనవరాలివి కాదుటే” అని మనల్ని మనకే పరిచయం చేస్తుంది. లడోనా అటువంటి మనిషి. కాకపోతే ఆవిడ జ్ఞాపకం ఇంటిదాకా ఆగలేదు, ఒక జాతి మొత్తానికి సరిపోయింది.

ఆ జ్ఞాపకాల్లో అన్నిటికన్నా బరువైనది ఒక ముత్తవ్వ కథ. లడోనా అమ్మమ్మలకి అమ్మమ్మ వరసైన ఆవిడ పేరు మేరీ బిగ్ మొకాసిన్. 1863లో ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. ఆ ఏడాది సెప్టెంబరు 3వ తేదీన వైట్‌స్టోన్ హిల్ అనేచోట ఆ జనం గుడారాలు వేసుకుని ఉన్నారు. వేసవి చివర్లో అడవిదున్నలను వేటాడి, మాంసం ఎండబెట్టి, చలికాలానికి దాచుకునే రోజులవి. అంతకుముందు ఏడు పక్క రాష్ట్రమైన మిన్నెసోటాలో డకోటాలు తిరగబడ్డారు. దానికి శిక్ష వేయడానికని జనరల్ సల్లీ అనే సేనాని సైన్యంతో వచ్చాడు. ఆ గుడారాల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ తిరుగుబాటుతో సంబంధమే లేదు. అయినా తుపాకులు పేలాయి. చనిపోయినవారి లెక్క ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. వంద దాటిందని కొందరు, మూడువందలు దాటిందని కొందరు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఎంతోమంది.

తొమ్మిదేళ్ళ మేరీకి తుంటిలో గుండు తగిలింది. రాత్రంతా ఆ శవాల మధ్యే పడుకుని ఉంది. పొద్దున్న సైనికులు చూసి బండిలో వేసి తీసుకుపోయారు. ఆ పిల్లకి విడుదల 1870లో వచ్చింది.

సైన్యం అంతటితో ఊరుకోలేదు. ఆ జనం ఎండబెట్టుకున్న మాంసమంతా పోగుపెట్టి తగలబెట్టింది. నాలుగు లక్షల పౌనులకు పైమాటేనని సల్లీయే రాసుకున్నాడు. ఇక్కడ నా చేతిలో పుస్తకం ఆగిపోయింది. మనమెవరం మాంసం ఎండబెట్టకపోవచ్చు. కానీ ఎండాకాలమంతా డాబామీద కూర్చుని పెట్టిన వడియాలు, అప్పడాలు, జాడీల్లో ఊరిన ఆవకాయ, డబ్బాల్లో పోసిన కందిపప్పు, అన్నీ ఒక్క పూటలో మన కళ్ళముందే ఎవరో కాల్చేశారనుకోండి. పైగా రేపటినించీ మంచు. తుపాకి చంపనివాళ్ళని ఆకలి చంపుతుందని తెలిసి చేసిన పని అది. యుద్ధాల చరిత్రలో సేనాపతుల పేర్లుంటాయి గాని ఆ మాంసం కోసిన చేతులూ, ఎండబెట్టిన చేతులూ ఉండవు.

మేరీ ఆ కథ తన పిల్లలకి చెప్పింది. వాళ్ళు వాళ్ళ పిల్లలకి చెప్పారు. అలా అది లడోనా దగ్గరికి చేరింది.

రెండో దెబ్బ లడోనా పసిపిల్లగా ఉన్నప్పుడు పడింది. మిస్సోరీమీద ఓవాహీ అనే పెద్ద ఆనకట్ట కట్టారు. కింది ఊళ్ళకి వరదలు రాకుండా, విద్యుత్తు కోసం. స్టాండింగ్ రాక్‌వాళ్ళ నేల దాదాపు 56 వేల ఎకరాలు మునిగింది. ఏటి ఒడ్డు చెట్లు, అడవిపళ్ళ పొదలు, ఆడవాళ్ళు ఏరుకునే మందుమొక్కలు, కూరతోటలు, పూర్వుల సమాధులు, అన్నీ నీళ్ళకిందికి పోయాయి. 1960 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో కుటుంబాలు ఇళ్ళు వదిలి పైకి వెళ్ళాల్సి వచ్చింది. ఆనకట్ట కోసం సైన్యపు ఇంజనీర్ల విభాగం కానన్‌బాల్ నది ముఖద్వారాన్ని తవ్వింది. ఆ తర్వాత ఆ సుడి లేదు. నది రాళ్ళను చేయడం మానేసింది.

ఇంక మూడోది. 2014 ప్రాంతంలో ఒక ప్రణాళిక వచ్చింది. నార్త్ డకోటా చమురు బావులనుంచి ఇల్లినాయ్ రాష్ట్రందాకా దాదాపు 1,900 కిలోమీటర్ల పొడుగున భూమిలో గొట్టం వేస్తారు. దాని అడ్డకొలత ముప్పై అంగుళాలు. రోజుకి సుమారు ఐదు లక్షల పీపాల ముడి చమురు అందులో పారుతుంది. పేరు డకోటా యాక్సెస్. స్నేహితుల పేరే పెట్టారు పాపం! అది స్టాండింగ్ రాక్ సరిహద్దుకి ఒక కిలోమీటరు దూరంలో మిస్సోరీ అడుగునుంచి దాటుతుంది. ఆ తెగ తాగే నీళ్ళు ఆ నదివే.

న్యాయంగా చెప్పుకోవాలంటే కంపెనీవారికీ ఒక వాదన ఉంది. రైళ్ళమీద, లారీలమీద చమురు పంపడంకన్నా గొట్టం సురక్షితమనీ, నది అడుగుకి ఎంతో లోతున వేస్తున్నామనీ, పనులు దొరుకుతాయనీ అన్నారు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. మొదట్లో పరిశీలించిన దారుల్లో ఒకటి రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌కి పైన నదిని దాటుతుంది. దాన్ని వదిలేయడానికి చెప్పిన కారణాల్లో దూరం ఎక్కువన్నది ఒకటైతే, ఆ నగరపు మంచినీటి బావులకు దగ్గరన్నది మరొకటి. బిస్మార్క్‌లో ఎక్కువమంది తెల్లవాళ్ళు. నగరం నీళ్ళకి ప్రమాదమైనది తెగ నీళ్ళకి ఎందుకు కాదని స్టాండింగ్ రాక్‌వాళ్ళు అడిగారు. వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడ్డ ఏ ఆడదైనా ఈ ప్రశ్న అర్థం చేసుకుంటుంది.

లడోనాకి ఇంకో కారణం కూడా ఉంది. ఆ సంగమం పక్కన ఉన్న కొంత నేల ఆవిడదే. అక్కడి గుట్టమీద ఆవిడ కొడుకు సమాధి ఉంది. చేతికందిన కొడుకుని మట్టిలో పెట్టిన తల్లి, ఆ మట్టి పక్కనుంచి గొట్టం పోతుందంటే ఏం చేస్తుంది? 2016 ఏప్రిల్ 1వ తేదీన తెగవాళ్ళు గుర్రాలమీద ఆ చోటికి ఊరేగింపుగా వచ్చారు. లడోనా తన నేలమీద గుడారం వేయించారు. దానికి పెట్టిన పేరు పవిత్రశిలల శిబిరం. మొదట ఉన్నది గుప్పెడుమందే. కట్టెలు తేవడం, పొయ్యి ఆరకుండా చూడడం, ప్రార్థన చేయడం, అంతే.

పెద్దవాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుంటే పిల్లలు పరుగు తీశారు. బాబీ జీన్ త్రీ లెగ్స్ అనే పాతికేళ్ళు నిండని తల్లి, చంటిపిల్ల భవిష్యత్తు తలుచుకుని, తోటి యువతీయువకులతో కలిసి స్టాండింగ్ రాక్‌నుంచి వాషింగ్టన్‌దాకా దాదాపు రెండువేల మైళ్ళు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. వంతులవారీగానే అనుకోండి, అయినా రెండువేల మైళ్ళు! లక్షకు పైగా సంతకాలున్న విజ్ఞాపన అక్కడ ఇచ్చారు. ఆ విజ్ఞాపన మొదలుపెట్టినవాళ్ళలో పదమూడేళ్ళ అమ్మాయి కూడా ఉంది.

ఆ పరుగు చూసి జనం కదిలారు. ఆగస్టుకల్లా వందలు, ఆ తర్వాత వేలు. మూడువందలకు పైగా తెగల జెండాలు ఆ గడ్డిమైదానంలో ఎగిరాయని చెబుతారు. తరతరాల పగలున్న తెగలు పక్కపక్కన గుడారాలు వేశాయి. శిబిరంలో ఆయుధం ఉండకూడదు, మందూ మత్తూ ఉండకూడదు. రోజూ తెల్లవారుజామున ఆడవాళ్ళు పాడుకుంటూ నదిదాకా నడిచివెళ్ళి నీటికి పూజ చేసేవారు. లకోటాల్లో నీటి బాధ్యత స్త్రీలది. బిడ్డ పుట్టకముందు ఉండేది నీటిలోనే కనుక నీటిని కాపాడే హక్కు తల్లులదని వాళ్ళ నమ్మకం. మ్ని విచోని అన్నది వాళ్ళ నినాదం. నీరే ప్రాణం అని.

ఇంత జనం వచ్చాక వంట ఎవరు? పిల్లల చదువెవరు? నెప్పులొస్తే ఎవరు? ఈ ప్రశ్నలు పత్రికలవాళ్ళకి రావు, మనకే వస్తాయి. పెద్ద పెద్ద గుండిగలతో వంటశాలలు నడిచాయి. మంత్రసానులు గుడారం వేసుకున్నారు. లకోటా భాష నేర్పే అలేనా ఈగల్ షీల్డ్ అనే ఆవిడ శిబిరంలోనే బడి పెట్టారు. పిల్లలు లెక్కలతోపాటు తాతలనాటి పాటలు నేర్చుకున్నారు. ఉద్యమమంటే ఉపన్యాసమనుకుంటాం గాని, అది ముందు ఒక పెద్ద సంసారం. పదిమందికి అన్నం పెట్టలేని ఉద్యమం పదిరోజులు నిలవదు.

సెప్టెంబరు 2న తెగవాళ్ళు కోర్టులో ఒక పత్రం దాఖలు చేశారు. గొట్టం వెళ్ళే దారిలో ఫలానా ఫలానా చోట్ల పూర్వుల సమాధులూ, పవిత్రస్థలాలూ ఉన్నాయని. మర్నాడు శనివారం, సెలవు. సరిగ్గా ఆ చోట్లకే బుల్‌డోజర్లు వచ్చాయి. అక్కడ మానవ అవశేషాలేవీ దొరకలేదని తర్వాత ప్రభుత్వ పరిశీలకులన్నారు. కానీ ఆ పొద్దున్న, కళ్ళెదురుగా నేల తిరగబడుతుంటే ఆడవాళ్ళూ పిల్లలూ కంచె దాటి యంత్రాలకడ్డం వెళ్ళారు. కంపెనీ కాపలాదారులు కుక్కలను వదిలారు. కొందరిని అవి కరిచాయి. ఆ దృశ్యాలు ప్రపంచమంతా చూసింది.

తారీఖు చూశారా? సెప్టెంబరు 3. వైట్‌స్టోన్ హిల్‌లో తొమ్మిదేళ్ళ మేరీ శవాలమధ్య పడుకున్న రోజుకి సరిగ్గా 153 ఏళ్ళు. కుక్కలు తెచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండదు. లడోనాకి తెలుసు. తెలిసిన ఆవిడ చేతికి రాయి అందకపోదు. నది చేసిన రాళ్ళున్న నేలే అది! అయినా ఆవిడ చేసింది, ముత్తవ్వ కథ కాగితం మీద పెట్టి లోకానికి చెప్పడం. ఆ కథ చదివి కదిలివచ్చినవాళ్ళు ఎందరో.

ఆ శిబిరంలో అందరూ శాంతమూర్తులేనంటే అబద్ధమవుతుంది. అక్టోబరు చివర్లో ఒక రోజు పోలీసులు దారి ఖాళీ చేయించినప్పుడు కొన్ని వాహనాలు తగలబడ్డాయి. అంత రెచ్చగొట్టినా వేలమందిని నెలల తరబడి ప్రార్థనలోనే నిలపడానికి ఆ పెద్దమ్మలు ఎంత చెప్పి ఉండాలో ఆలోచించండి. నలుగురు మగపిల్లల్ని ఇంట్లో అదుపులో పెట్టిన తల్లికి తెలుస్తుంది ఆ కష్టం. నవంబరు 20 రాత్రి, నీళ్ళు గడ్డకట్టే చలిలో, వంతెన మీదున్న జనంమీద పోలీసులు నీటిఫిరంగులు వదిలారు. గుంపు దౌర్జన్యం చేస్తోందని పోలీసుల మాట. నీటికోసం నిలబడ్డవాళ్ళని నీటితోనే కొట్టారన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. కొన్ని నెలల్లో ఏడువందలకు పైగా అరెస్టులు జరిగాయి.

డిసెంబరు 4న నది కింద గొట్టం వేయడానికి అనుమతి ఇవ్వడంలేదని సైన్యపు ఇంజనీర్ల విభాగం ప్రకటించింది. మంచులో డప్పులు మోగాయి, ముసలమ్మలు ఏడ్చారు. కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండును! నవల అయితే నేనూ ఆపేదాన్నే. కానీ 2017 జనవరిలో అధ్యక్షుడు మారాడు. ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చేశారు, శిబిరం ఖాళీ చేయించారు. వెళ్ళేముందు కొందరు తాము కట్టుకున్న నివాసాలకు తామే నిప్పుపెట్టుకున్నారు. జూన్ 1న గొట్టంలో చమురు పారడం మొదలైంది.

తెగవాళ్ళు కోర్టును వదలలేదు. పర్యావరణ ప్రభావంపై సమగ్రమైన అధ్యయనం లేకుండా అనుమతి ఇవ్వడం తప్పని 2020లో న్యాయమూర్తి తీర్పు చెప్పారు. గొట్టం ఆపమన్నారు కూడా. ఆపమన్న ఆజ్ఞను పైకోర్టు కొట్టేసింది గాని, అధ్యయనం చేసి తీరాలన్న మాట నిలిచింది. 2022లో కంపెనీ అప్పీలు వినడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గెలిచామా అంటే గెలిచారు. చమురు ఆగిందా అంటే ఆగలేదు.

ఇంకో ముచ్చట చెప్పి ముగిస్తాను. ఈ ఉద్యమాన్ని నడిపించింది గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థేనని కంపెనీ దావా వేసింది. 2025 మార్చిలో నార్త్ డకోటాలో జ్యూరీ 66 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. తర్వాత న్యాయమూర్తి దాన్ని దాదాపు సగానికి తగ్గించారు. డబ్బు సంగతి వాళ్ళు వాళ్ళు చూసుకుంటారు. నాకు కలుక్కుమన్నది వేరే. ఒక తల్లి కొడుకు సమాధి పక్కన గుడారం వేస్తే, ఒక చంటిపిల్లతల్లి రెండువేల మైళ్ళ పరుగుకి ముందు నడిస్తే, అది వాళ్ళంతట వాళ్ళు చేసి ఉండరు, వెనక ఎవరో పెద్దవాళ్ళు ఉండి ఉంటారు అనడం! మేమే నడిపామని ఆ తెగవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఇంటిల్లిపాదికీ వండి వార్చి, చివరికి “అన్నపూర్ణలాంటి అన్నగారి ఇల్లు” అని అతిథి మెచ్చుకుంటుంటే తలుపు చాటున నిలబడి విన్న ఆడవాళ్ళకి ఈ బాధ కొత్తేమీ కాదు.

లడోనా 2021 ఏప్రిల్ 10న, అరవైనాలుగేళ్ళకి కన్నుమూశారు. అప్పటికి గొట్టంలో చమురు పారుతూనే ఉంది. మరి ఆవిడ సాధించిందేమిటి? నేను చాలా ఆలోచించాను. 1863లో ఆ గుడారాలు కాలినప్పుడు లోకానికి పట్టలేదు. 1960లో ఊళ్ళు మునిగినప్పుడు దేశానికి తెలియలేదు. మూడోసారి మాత్రం వినబడకుండా చేయడం ఎవరి తరమూ కాలేదు. ఆ ఒక్క తేడా తెచ్చింది తొమ్మిదేళ్ళ పిల్ల కథని మరిచిపోని ఆడవాళ్ళు. మనం ఇళ్ళల్లో “చాదస్తం” అని కొట్టిపారేసే ఆ పాతకథల వల్లే అది సాధ్యమైంది.

మా అత్తగారు ఇప్పుడు లేరు. సాలగ్రామాలు మా బావగారింటికి వెళ్ళాయి. ఆవిడ నీళ్ళు మోసిన బిందె మాత్రం నా దగ్గరే ఉంది. మొన్న దాన్ని చింతపండేసి తోముతుంటే మా అమ్మాయి వచ్చి, “ఎందుకమ్మా ఈ పాత బిందె?” అంది.

“కూర్చో, చెప్తాను” అన్నాను.